కంప్యూటరులో తుంగ గడ్డలు

 

ఈసారి గోడపత్రికలో సైన్సు పాఠం రాసే వంతు నాకు వచ్చింది. మొదట కిరణజన్య సంయోగక్రియ గురించి రాద్దామనుకున్నాను. కానీ అది పుస్తకంలో ఉంది, అందరూ చదువుకోవచ్చు. నేను రాయబోయేది మన పుస్తకాల్లో లేదు. దసరా సెలవుల తరువాత మన కంప్యూటరు గదిలో జరిగింది. ఒక సాఫ్ట్‌వేరు ఎక్కకపోతే ఎందుకు ఎక్కలేదో కనిపెట్టడం, పాతది మిగిలిపోయి ఉంటే దాన్ని సరిగ్గా తీయడం ఈ పాఠంలోని విషయం. తప్పులుంటే మన్నించి సరిదిద్దగలరు.

ముందుగా ఒక మాట. మా పొలంలో తుంగ గడ్డి ఉంది. నేను చిన్నప్పుడు కొడవలి పెట్టి పైపైన కోసేసి, "అయ్యా, అంతా తీసీశాను" అని చెప్పేదాన్ని. వారం తిరక్కుండా మళ్లీ పచ్చగా లేచేది. అయ్య నవ్వి, గునపంతో తవ్వి చూపించాడు. నేల కింద నల్లటి గడ్డలు, ఒకదానికొకటి దారం కట్టినట్టు వేర్లు. "పైన కనపడేది తీస్తే తీసినట్టు కాదమ్మా. కిందున్నది వదిలీశావు కదా" అన్నాడు. ఈ మాట గుర్తుంచుకోండి. కంప్యూటరులో కూడా ఇదే జరిగింది.

జరిగిన సంగతి

పోయిన సంవత్సరం పదో తరగతి అక్కలు ఒక మంచి పని చేశారు. సెలవులకు వెళ్లినప్పుడు ఎవరి ఊళ్లో వాళ్లు ముసలివాళ్ల దగ్గర కూర్చుని పాత మాటలు రాసుకుని తెచ్చారు. చెట్ల పేర్లు, వానల పేర్లు, పురుగుల పేర్లు, పనిముట్ల పేర్లు. మొత్తం 214 మాటలు. వాటిని మన కంప్యూటరు గదిలో మూడో నంబరు కంప్యూటరులో తెలుగులో టైపు చేశారు.

వాటిలో 31 మాటలు మా నానమ్మవి. మేము కొండదొరలం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. కానీ మా నానమ్మ అరకు వైపు నుంచి కోడలుగా వచ్చింది. ఆమెకు కూబి వచ్చు. కూబినే కొండ భాష అని కూడా అంటారు. మా అయ్యకు ఆ భాష సగం వచ్చు, నాకు రాదు. అక్కలు మా ఊరు వచ్చినప్పుడు నానమ్మ నవ్వుకుంటూ చెప్పింది, "ఈ మాటలు ఎవులికి పనికొస్తాయి, రాసుకుని ఏటి సేస్తారు" అని. ఈ సంవత్సరం ఆషాఢంలో నానమ్మ చనిపోయింది.

దసరా తరువాత మా కంప్యూటరు మేడం, "ఆ 214 మాటలు అచ్చు తీసి చిన్న పుస్తకంలా కుట్టి లైబ్రరీలో పెడదాం" అన్నారు. తెలుగు టైపు సాఫ్ట్‌వేరు కొత్త రకం పెన్‌డ్రైవులో తెచ్చారు. ఎక్కించే పని నాకూ, నా పక్క మంచం స్నేహితురాలికీ ఇచ్చారు. రెండుసార్లు నొక్కితే అయిపోతుందనుకున్నాం.

నొక్కాం. ఆకుపచ్చ గీత సగం దాకా నడిచింది. ఆగింది. ఒక పెట్టె వచ్చింది. అందులో ఇంగ్లీషు. మేడం "చదవండి, భయమెందుకు" అన్నారు. ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చదివాం. "అనదర్ వెర్షన్ ఆఫ్ దిస్ ప్రోడక్ట్ ఈజ్ ఆల్రెడీ ఇన్‌స్టాల్డ్." అంటే, ఈ సాఫ్ట్‌వేరు ఇంకో రకం ఇప్పటికే ఎక్కించి ఉంది, కాబట్టి దీన్ని ఎక్కించలేను అని. దీని నంబరు 1638.

మాకు ఆశ్చర్యం వేసింది. ఎందుకంటే పాతది ఎక్కడా కనపడలేదు. తెర మీద బొమ్మ లేదు. స్టార్ట్‌లో నొక్కితే ఏమీ తెరుచుకోలేదు. లేనిదాన్ని ఉందంటుందేమిటి?

వేసవిలో ఆ కంప్యూటరులో చోటు చాలడం లేదని ఎవరో చెబితే, కొందరు కలిసి "పనికిరానివి" అని కొన్ని ఫోల్డర్లు చెరిపేశారట. ఆ సాఫ్ట్‌వేరు ఫోల్డరు కూడా అలాగే పోయింది. ఎవరినీ తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. నేను ఉన్నా అదే చేసేదాన్ని. గడ్డి కోసినట్టే కదా.

సాఫ్ట్‌వేరు ఒకచోట ఉండదు

మేడం బోర్డు మీద రాసి చెప్పిన విషయం ఇది. బియ్యం బస్తాలా ఒకచోట పెట్టి, ఒకచోట నుంచి ఎత్తుకుపోవడానికి సాఫ్ట్‌వేరు ఒక ముద్ద కాదు. విండోస్ ఉన్న కంప్యూటరులో ఒక సాఫ్ట్‌వేరు ఎక్కితే అది చాలా చోట్ల సర్దుకుంటుంది. ముఖ్యమైనవి అయిదు.

1. ప్రోగ్రామ్ ఫైల్స్ అనే ఫోల్డరు. అసలు సాఫ్ట్‌వేరు ఇక్కడ ఉంటుంది.

2. యాప్ డేటా అనే ఫోల్డరు. వాడేవాళ్ల అలవాట్లు ఇక్కడ ఉంటాయి. ఏ అక్షరం సైజు, ఏ కీబోర్డు, చివరగా తెరిచిన ఫైలు ఏది వంటివి. ఈ ఫోల్డరు మామూలుగా కనపడదు, దాచి ఉంటుంది.

3. ఫాంట్స్ ఫోల్డరు. అక్షరాల రూపాలు ఇక్కడ చేరతాయి.

4. విండోస్ ఫోల్డరు లోపల ఇన్‌స్టాలర్ అనే ఇంకో దాచిన ఫోల్డరు. ఎక్కించిన ప్యాకేజీ నకలు ఒకటి ఇక్కడ దాస్తుంది. తరువాత బాగుచేయాలన్నా, తీసెయ్యాలన్నా ఆ నకలు చూసుకునే చేస్తుంది.

5. రిజిస్ట్రీ. ఇది ఫోల్డరు కాదు, పెద్ద పట్టిక. ఏ సాఫ్ట్‌వేరు ఎక్కింది, ఎక్కడ ఉంది, దాన్ని ఎలా తీయాలి అన్నది ఇందులో రాసి ఉంటుంది.

దీన్ని మన హాస్టలుతో పోల్చి చూడండి. ఒక అమ్మాయి హాస్టలులో చేరితే ఆమెకు మంచం, పెట్టె ఇస్తారు. అది ప్రోగ్రామ్ ఫైల్స్. ఆమె దువ్వెన, సబ్బు ఆమె ఇష్టం వచ్చినట్టు పెట్టుకుంటుంది. అది యాప్ డేటా. ఆఫీసులో ఆమె దరఖాస్తు, సర్టిఫికెట్లు దాస్తారు. అది ఇన్‌స్టాలర్ ఫోల్డరు. హాజరు పట్టీలో పేరు ఎక్కుతుంది. అదే రిజిస్ట్రీ.

ఇప్పుడు ఆ అమ్మాయి మంచం, పెట్టె బయట పడేశామనుకోండి. ఆమె వెళ్లిపోయినట్టేనా? హాజరు పట్టీలో పేరు అలాగే ఉంటుంది. వంటమ్మ ఆమె పేర కూడా బియ్యం కొలుస్తుంది. కొత్త అమ్మాయి వస్తే "ఖాళీ లేదు" అంటారు. మన కంప్యూటరు 1638 అన్నది కూడా ఇలాగే. అది అబద్ధం చెప్పలేదు. దాని పట్టీలో పేరు ఉంది, అంతే.

మేము చేసిన తప్పులు

చెల్లెళ్లు మళ్లీ చేయకుండా ఉండడానికి మా తప్పులు కూడా రాస్తున్నాను.

మొదటి తప్పు. అదే ఫైలును మళ్లీ మళ్లీ నొక్కాం. నాలుగుసార్లు. నాలుగుసార్లూ 1638. కారణం మారకుండా ఫలితం మారదు.

రెండవ తప్పు. పాత సాఫ్ట్‌వేరు పేరుతో ఎక్కడ ఏ ఫోల్డరు కనపడితే అది చెరిపేద్దామని చెయ్యి పెట్టాను. మేడం నా చెయ్యి పట్టుకుని ఆపారు. అది ఎంత మంచిదైందో తరువాత తెలుస్తుంది.

మూడవది తప్పు కాదు, సరైన దారే. కానీ మాకు పని చేయలేదు. కంట్రోల్ పానెల్‌లో ప్రోగ్రామ్స్ అండ్ ఫీచర్స్ తెరిస్తే జాబితాలో పాత సాఫ్ట్‌వేరు పేరు కనపడింది! ఫోల్డరు లేకపోయినా పేరు ఉంది. అన్‌ఇన్‌స్టాల్ నొక్కాం. అప్పుడు ఇంకో పెట్టె వచ్చింది, నంబరు 1612. ఎక్కించిన మూలం దొరకడం లేదు అని దాని అర్థం. వేసవిలో చోటు కోసం చెరిపినప్పుడు ఆ దాచిన నకలు కూడా పోయింది. తీసే విధానం రాసి ఉన్న కాగితమే పోతే కంప్యూటరు ఎలా తీస్తుంది?

ఇప్పుడు ముందుకు వెళ్లలేం, వెనక్కి వెళ్లలేం. కొత్తది ఎక్కదు, పాతది దిగదు.

ఒక అక్క, "నర్సీపట్నం తీసుకెళ్తే షాపువోళ్లు ఫార్మాట్ కొట్టీస్తారు, గంటలో అయిపోద్ది" అంది. ఫార్మాట్ అంటే డిస్కు మొత్తం తుడిచెయ్యడం. అందరూ సరే అన్నారు. నాకు మాత్రం కడుపులో ఏదో అయింది. "మరి 214 మాటలు ఎక్కడున్నాయి?" అని అడిగాను.

ఎవరికీ తెలియదు. ఆ అక్కలు పాసై వెళ్లిపోయారు. రాసుకున్న నోటు పుస్తకం ఎవరి దగ్గరుందో తెలియదు.

మొదట నకలు, తరువాతే మరమ్మతు

మేడం అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఇప్పటినుంచి ఏదీ చెరపం. ముందు వెతుకుదాం" అన్నారు.

వ్యూ అనే చోట హిడెన్ ఐటెమ్స్ అన్నదానికి టిక్కు పెడితే దాచిన ఫోల్డర్లు లేత రంగులో కనపడతాయి. డాక్యుమెంట్స్‌లో లేదు. డెస్క్‌టాప్ మీద లేదు. చివరికి యాప్ డేటా లోపల, పాత సాఫ్ట్‌వేరు పేరున్న ఫోల్డరులో, దాని లోపలి ఇంకో ఫోల్డరులో దొరికింది. అక్కలు "సేవ్" నొక్కినప్పుడు ఆ సాఫ్ట్‌వేరు చూపించిన చోటే దాచేశారు. నేను రెండో తప్పులో చెరపబోయిన ఫోల్డరు అదే.

అది చూసి నా చేతులు చల్లబడ్డాయి. ఒక్క నొక్కుతో నానమ్మ మాటలు నేనే చెరిపేసి ఉండేదాన్ని. మంచి పని చేస్తున్నాననుకుంటూనే.

మొత్తం ఫోల్డరును పెన్‌డ్రైవులోకి ఒక నకలు, ఒకటో నంబరు కంప్యూటరులోకి ఒక నకలు తీశాం. నకలు తీసి ఊరుకోకుండా, రెండు చోట్లా ఫైలు సైజు సమానంగా ఉందో లేదో చూశాం.

పాతది మళ్లీ ఎక్కించడం

ఆ తరువాత మేడం బీరువా తెరిచి పాత సీడీల డబ్బా తీశారు. అడుగున ఆ పాత సాఫ్ట్‌వేరు సీడీ ఉంది. "దీన్ని మళ్లీ ఎక్కిద్దాం" అన్నారు.

అందరూ నవ్వారు. "తీసెయ్యాలంటుంటే మళ్లీ ఎక్కించడమేటి మేడం?" అని అడిగారు. నేను నవ్వలేదు. నాకు వెంటనే అర్థమైంది. ఎందుకో చెబుతాను.

నేను ఆరో తరగతి మధ్యలో బడి మానేశాను. తమ్ముడు చిన్నవాడు, అమ్మ జీడి పిక్కలు ఏరడానికి వెళ్లాలి, నేను ఇంట్లో ఉండిపోయాను. బడిలో ఎవరికీ చెప్పలేదు, టీసీ తీసుకోలేదు. మా ఇంట్లో నాకంటే ముందు ఎవరూ బడికి వెళ్లలేదు కాబట్టి, మానేయడానికి కూడా ఒక పద్ధతి ఉంటుందని మాకు తెలియదు. మరుసటి ఏడు అయ్య నన్ను ఇంకో బడిలో చేర్పించడానికి తీసుకెళ్లాడు. అక్కడి సారు కంప్యూటరులో చూసి, "నీ పేరు పాత బడిలోనే ఉందమ్మా. వాళ్లు వదిలితేగాని ఇక్కడ ఎక్కదు" అన్నారు. నేను ఎదురుగా నిలబడి ఉన్నాను, కానీ నేను ఇంకోచోట ఉన్నాను!

అయ్య, నేను పాత బడికి మళ్లీ వెళ్లాం. నాకు సిగ్గు వేసింది. మానేసిన బడి గుమ్మం మళ్లీ ఎక్కడం అంటే కష్టం. అక్కడ హెడ్‌మాస్టరు గారు పట్టీ తీసి, నా పేరు వెతికి, అయ్య చేత వేలిముద్ర వేయించి, టీసీ రాసి, ఆన్‌లైనులో వదిలారు. మూడు రోజులు తిరిగాం. ఆ తరువాతే నాకు కొత్త బడిలో పేరు ఎక్కింది. అక్కడి నుంచే ఈ బడికి వచ్చాను. సరిగ్గా వెళ్లిపోవాలంటే ఒకసారి వెనక్కి వెళ్లాల్సిందే అని నాకు అప్పుడే తెలిసింది.

అందుకే స్నేహితురాళ్లతో, "పాతదానికి టీసీ ఇప్పించాలే" అన్నాను. మేడం నవ్వి, "అదే" అన్నారు.

మేము చేసిన పద్ధతి వరుసగా

1. కంప్యూటరు ఆపి, మళ్లీ వేశాం. వాడుకలో ఉన్న ఫైళ్లను విండోస్ అప్పటికప్పుడు తీయలేకపోతే, మళ్లీ వేసినప్పుడు తీస్తుంది. కాబట్టి ఏ మరమ్మతుకైనా ముందు ఇది చేయాలి.

2. పాత సీడీ పెట్టి, అందులోని అదే పాత ఫైలును నొక్కాం. ఈసారి 1638 రాలేదు. పట్టీలో ఉన్న పేరు, వచ్చిన ఫైలు ఒక్కటే కాబట్టి అది మమ్మల్ని గుర్తుపట్టింది. రిపేర్, రిమూవ్ అని రెండు దారులు చూపించింది.

3. ముందు రిపేర్ నొక్కాం. పోయిన ఫైళ్లన్నీ సీడీ నుంచి తిరిగి వచ్చాయి. దాచిన నకలు కూడా తన చోటికి చేరింది. పాత సాఫ్ట్‌వేరు తెరిచి చూస్తే తెరుచుకుంది. అంటే ఇప్పుడు మంచం, పెట్టె, కాగితం, పట్టీలో పేరు అన్నీ కుదిరాయి.

4. ఇప్పుడు కంట్రోల్ పానెల్‌కు వెళ్లి అన్‌ఇన్‌స్టాల్ నొక్కాం. ఈసారి 1612 రాలేదు. చివరి దాకా నడిచింది. జాబితాలో పేరు పోయింది.

5. కంప్యూటరు మళ్లీ ఆపి వేశాం.

6. కొత్త సాఫ్ట్‌వేరు నొక్కాం. ఆకుపచ్చ గీత చివరి దాకా వెళ్లింది. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. వంటమ్మ ఏమైందోనని తొంగి చూసింది.

7. కానీ తెరిస్తే సగంలో ఆగిపోయింది. మళ్లీ మొదలా అనుకున్నాం. మేడం యాప్ డేటాలో ఉన్న పాత ఫోల్డరు చూపించారు. సాఫ్ట్‌వేరు తీసినా వాడేవాళ్ల అలవాట్లు చాలాసార్లు అలాగే మిగిలిపోతాయి. కొత్తది వచ్చి ఆ పాత అలవాట్లు చదివి తికమక పడింది. మేము ఆ ఫోల్డరును చెరపలేదు. దాని పేరు చివర "పాత" అని చేర్చాం. దాంతో కొత్తదానికి అది కనపడలేదు, తనకు కావలసింది తనే చేసుకుంది. తేడా వస్తే పేరు తిరిగి మార్చుకోవచ్చు. చెరిపితే తిరిగి రాదు, పేరు మారిస్తే తిరిగి వస్తుంది.

ఇప్పుడు తెరుచుకుంది.

రిజిస్ట్రీ సంగతి కూడా చెప్పాలి. పట్టికలోకి నేరుగా వెళ్లి పాత పేరు కొట్టేసే దారి ఒకటి ఉంది. కానీ పక్క వరుస కొట్టేస్తే వేరే సాఫ్ట్‌వేరు, ఒక్కోసారి విండోసే పాడవుతుంది. హాజరు పట్టీలో పిల్లలు పేర్లు కొట్టేయవచ్చా? అలాగే ఇది కూడా. తప్పనిసరైతే తెలిసినవాళ్లు, ముందు దాని నకలు తీసుకుని చేయాలి. పాత సీడీ దొరకనివాళ్లకు, ఇలాంటి మిగుళ్లను తీసే చిన్న ట్రబుల్‌షూటర్‌ను మైక్రోసాఫ్ట్ ఉచితంగానే ఇస్తుంది. దానికి నెట్ కావాలి. మన దగ్గర నెట్ వానాకాలం ఎండ లాంటిది, వస్తే వచ్చినట్టు.

పిచ్చి అక్షరాలు

చివరగా నకలు తీసిన 214 మాటల ఫైలు తెరిచాం. అంతా ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు. ఒక్క తెలుగు అక్షరం లేదు. నా స్నేహితురాలు, "పోయినాయే" అని ఏడ్చేసింది.

పోలేదు. దీని కారణం కూడా నేర్చుకోండి. పాత రోజుల్లో చాలా తెలుగు టైపు సాఫ్ట్‌వేర్లు ఇంగ్లీషు అక్షరాల గళ్లలోనే తెలుగు బొమ్మలు పెట్టేవి. లోపల ఉండేది ఇంగ్లీషు గడి నంబరు, పైన కనపడేది తెలుగు. ఆ బొమ్మలున్న ఫాంటు ఉంటేనే తెలుగు. పాతదాన్ని తీసినప్పుడు దాని ఫాంటు కూడా పోయింది. ఆ ఫాంటును మేము ముందే నకలు తీసుకోలేదు. ఇది మా నాలుగో తప్పు.

అదృష్టం కొద్దీ సీడీలో ఫాంటు విడిగా ఉంది. ఎక్కించి, ఫైలు మొత్తం ఎంచుకుని ఆ ఫాంటు పెట్టగానే, అక్షరాలన్నీ ఒక్కసారి తెలుగులోకి తిరిగాయి. మొదటి పేజీలోనే మా ఊరి పేరు, కింద నానమ్మ పేరు, ఆమె చెప్పిన 31 మాటలు.

ఇప్పుడు వాటిని యూనికోడ్‌లో తిరిగి టైపు చేస్తున్నాం. యూనికోడ్‌లో తెలుగుకు సొంత గళ్లు ఉన్నాయి. 1991లో వచ్చిన మొదటి రూపంలోనే తెలుగుకు 128 గళ్లు కేటాయించారు. అందులో "అ" అంటే ఏ కంప్యూటరులోనైనా, ఏ ఫోనులోనైనా "అ"నే. ఒకరు చదువుతుంటే ఒకరు కొడుతున్నాం. ఇది రాసేనాటికి 160 అయ్యాయి.

ఏది చెత్త, ఏది కాదు

ఈ పాఠంలో నాకు తెలిసిన పెద్ద సంగతి ఇదే. పాతది వెళ్లిపోయాక మిగిలినవి రెండు రకాలు. కొత్తదానికి అడ్డు పడేవి కొన్ని, అవి తుంగ గడ్డలు, తవ్వి తీయాలి. ఇంకొన్ని ఎవరో కష్టపడి దాచుకున్నవి. పైనుంచి చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి. ఒకే ఫోల్డరులో పక్కపక్కనే ఉంటాయి. విప్పి చూడకుండా తేడా తెలియదు.

మన ముసలివాళ్ల మాటలను కూడా కొందరు అలాగే పాత చెత్త అనుకుంటారు. అలా అనుకోనివాళ్లు కూడా ఉన్నారు. గిడుగు రామమూర్తి పంతులు గారు (1863–1940) సవరల దగ్గర వాళ్ల భాష నేర్చుకుని, సవర పిల్లలు చదువుకోవడానికి పుస్తకాలు రాశారు. 1938లో ఆయన సవర–ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. మా నానమ్మ మాట్లాడిన కూబి గురించి భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1969లో ఒక పెద్ద పుస్తకం రాశారు. మేడం ఈ సంగతి చెప్పినప్పుడు, నానమ్మ బతికుండగా తెలిస్తే ఆమెకు చెప్పి ఉండేదాన్ని కదా అనుకున్నాను. "ఎవులికి పనికొస్తాయి" అని అడిగింది కదా.

గుర్తుంచుకోవలసిన సూత్రాలు

1. పెట్టెలో వచ్చిన మాట పూర్తిగా చదవాలి, నంబరు రాసుకోవాలి. అది తిట్టు కాదు, సమాచారం.

2. ఫోల్డరు చెరపడం వేరు, అన్‌ఇన్‌స్టాల్ వేరు.

3. ముట్టుకోకముందే నకలు. ఒకటి కాదు, రెండు చోట్ల. ఫాంట్లు కూడా.

4. దిగనిదాన్ని మళ్లీ ఎక్కించి, బాగుచేసి, అప్పుడు దింపాలి.

5. అనుమానం ఉంటే చెరపకు, పేరు మార్చు.

6. పాత సీడీలు, పాత నోటు పుస్తకాలు పారెయ్యకూడదు.

మీకు తెలుసా?

రిజిస్ట్రీ 1992లో విండోస్ 3.1తో వచ్చింది. 1995లో వచ్చిన విండోస్ 95 నుంచి దాని వాడకం బాగా పెరిగింది.

మిగుళ్లను తుడిచే క్లీనప్ సాధనం ఒకటి మైక్రోసాఫ్ట్ ఇచ్చేది. అది కొన్నిసార్లు వేరే సాఫ్ట్‌వేర్లను కూడా పాడు చేస్తోందని 2010లో వెనక్కి తీసుకుంది. తుడవడంలో పెద్దవాళ్లూ పొరబడతారన్నమాట.

డెబియన్ అనే లినక్స్‌లో తీయడానికి రెండు మాటలున్నాయి. రిమూవ్ అంటే సాఫ్ట్‌వేరు పోతుంది, దాని అమరికల ఫైళ్లు ఉంటాయి. పర్జ్ అంటే అవి కూడా పోతాయి.

ఆండ్రాయిడ్ ఫోనులో యాప్ తీసేస్తే దాని సొంత గదిలోని సమాచారం పోతుంది. గ్యాలరీలో, డౌన్‌లోడ్స్‌లో దాచిన ఫొటోలు, ఫైళ్లు మామూలుగా ఉండిపోతాయి.

అభ్యాసం

1. 1638కి, 1612కి తేడా ఏమిటి? హాస్టలు ఉదాహరణతో రాయండి.

2. పాత సాఫ్ట్‌వేరు తీయడానికి దాన్నే మళ్లీ ఎందుకు ఎక్కించాలి?

3. సంక్రాంతి సెలవుల్లో మీ ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర 10 పాత మాటలు అడిగి కాగితం మీద రాసుకుని రండి. (ఇది అందరూ తప్పక చేయాలి.)

మూడో ప్రశ్నకు జవాబులు తెచ్చినవాళ్లు మూడో నంబరు కంప్యూటరు దగ్గర నాకు ఇవ్వగలరు. 214 తరువాత 215 మీదే కావచ్చు. వార్డెన్ అమ్మగారు ఆదివారం సాయంత్రం మరో గంట కంప్యూటరు గది తాళం ఇస్తే పని త్వరగా పూర్తవుతుందని సవినయంగా కోరుతున్నాము.



ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
తొమ్మిదవ తరగతి, గొలుగొండ